అవ్వను ఎక్కించే టైర్లు

నా చిన్నప్పుడు బంగారు గనులున్న ఊరిగాంలో, గనుల కంపెనీ పనివాళ్ళకు వరసగా కట్టించిన లైన్లలో కారున్న ఇల్లు మాదొక్కటే. ఉందన్న గొప్పే గాని అది కదిలేది కాదు. గనుల దొర ఒకాయన ఇంగ్లండు వెళ్ళిపోతూ సామాను వేలం వేయించినప్పుడు, మంచాలూ నిలువుటద్దాలూ అందరూ పాడుకున్నాక మిగిలిపోయిన పెద్ద నల్ల కారును మా తాత పాడుకొచ్చాడు. లోపల తోలు సీట్లు, నున్నటి చెక్క పలకలు. తలుపు వేస్తే బీరువా మూసినట్టు మెత్తటి చప్పుడు. ఇంజను దివ్యంగా ఉండేది. టైర్లే చిరిగిపోయి, కారు ఇటుకల మీద నిలబడి ఉండేది. దాని కింద మా కోడి గుడ్లు పెట్టేది, దాని ముందు భాగం మీద మా అవ్వ మిరపకాయలు ఎండబెట్టేది. వీధిలో వాళ్ళు దానికి పెళ్ళికాని పెద్దాయన అని పేరు పెట్టారు.

మా తాత గనిలో తాళ్ళ పరీక్ష చేసేవాడు. మనుషుల్ని భూమిలోకి దించే బోనును మోసే ఇనప తాడు అది. రోజూ ఆ తాడును మెల్లగా నడిపిస్తూ, పాత గుడ్డ ఒకటి దానికి చుట్టి పట్టుకునేవాడు. ఎక్కడైనా ఒక్క తీగ తెగి ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. సెలవు రోజుల్లో నన్ను వెంట తీసుకెళ్ళి, పైన గిరగిరా తిరిగే పెద్ద చక్రాన్ని దూరం నుంచి చూపించేవాడు. ఆ పని చేసేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త తాడు వేసినప్పుడు ముందు బోను నిండా రాళ్ళు నింపి దించుతారు. ఆ తర్వాత, తాడు బాగుందని చెప్పినవాడే మొదట ఎక్కి దిగాలి. అతను క్షేమంగా పైకి వచ్చాకే మిగతావాళ్ళు బోనెక్కేవారు.

ఇక మా అవ్వ సంగతి. ఆమె పుట్టిల్లు ముళబాగిలు దాటాక ఒక పల్లె. మామిడి తోటలు, పట్టుపురుగులు, పాడి, దేనికీ లోటు లేని ఇల్లు. గనిలో పనిచేసే మా తాతకు ఆమెను ఇవ్వడం ఆమె అన్నకు మొదటినుంచీ ఇష్టం లేదు. మా చెల్లెల్ని ఎలుక బొక్కలో దూరేవాడికి ఇచ్చి చెడినాం అని పదిమందిలో అనేవాడట. అవ్వ ఎప్పుడు పుట్టింటికి వెళ్ళినా బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకుని, రాళ్ళ బండిబాటన నడిచి వెళ్ళేది. ఎదురు రావడానికి ఒక ఎద్దుల బండి కూడా ఉండేది కాదు. ఒక పెళ్ళిలో వడ్డన మొదలయ్యాక ఆమెను బంతి చివర్నుంచి కూడా లేపి, పెద్దింటివాళ్ళు ఎవరో వస్తే అక్కడ కూర్చోబెట్టారు. ఆ మాట ఆమె ఎవరితోనూ చెప్పలేదు. మా అమ్మ చూసి వచ్చి తాతకు చెప్పింది.

ఆ అన్నకు షష్టిపూర్తి అని కబురు వచ్చింది. నేను పోను, నాకు మోకాళ్ళ నొప్పులు అంది అవ్వ. ఆమె మోకాళ్ళు గుండ్రాళ్ళలా గట్టిగా ఉండేవని మా అందరికీ తెలుసు.  తాత మిరపకాయలు ఎత్తమని చెప్పి కారు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. "ఈ తూరి నువ్వు నడిచేది లే. దొర కూచున్న సీట్లో కూచుంటావు" అన్నాడు. అవ్వ నవ్వింది గాని, ఆ రాత్రి పెట్టెలోంచి తన పట్టుచీర తీసి మడతలు మార్చి పెట్టడం నేను చూశాను. ఆ క్షణం నుంచి నాకు ఆ కారు నడవడం కన్నా ముఖ్యమైన పని ఈ లోకంలో ఇంకొకటి లేకపోయింది.

కావలసింది టైర్లు. రాబర్ట్‌సన్ పేట అంగడిలో ఆ కారుకు సరిగ్గా సరిపోయేవి దొరికాయి. ఎప్పుడో కంపెనీ గోడౌనుకు ఇంగ్లండు సీమనుంచి వచ్చి, ఒక్కసారి కూడా రోడ్డు మీద పెట్టకుండా ఉండిపోయినవి. కాగితం చుట్టలు విప్పితే నల్లటి టైరు చుట్టూ పాల గీత గీసినట్టు తెల్ల పట్టీ. గాడులు ఎంత లోతంటే నా చిటికెన వేలు ఇరుక్కుంది. మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, కారు నడపడం వచ్చినవాడు, వాటిని చూసి మురిసిపోయాడు. మా ఊళ్ళో దేవుడి తర్వాత కంపెనీయే. కంపెనీ సైరన్‌కు నిద్ర లేస్తాం, కంపెనీ ఆస్పత్రిలో పుడతాం, కంపెనీ సరుకంటే కళ్ళు మూసుకుని కొంటాం. దానికితోడు సీమ సరుకు. వీధి వీధంతా ఇంకేం చూడక్కర్లేదని తేల్చేసింది.

తాత మాత్రం అవునని అనలేదు, కాదనీ అనలేదు. నా వైపు తిరిగి, "పాప చెప్తాది. ఇవేనా, వేరేవా?" అన్నాడు. నా ఒళ్ళు పొంగిపోయింది. తెల్ల పట్టీలవే అన్నాను. వేరే ఏ పిల్ల అయినా అదే అంటుంది, పెద్దవాళ్ళు కూడా అదే అన్నారు.

"సరే. బాగుండాయని చెప్పినావు గదా, మొదట నువ్వే ఎక్కల్ల. నువ్వు పోయి వచ్చినంక మీ అవ్వను ఎక్కిస్తాం" అన్నాడు తాత. కోపం లేదు, వేళాకోళం లేదు. గనిలో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

అంతవరకూ ఆ టైర్లు నాకు అందంగా కనిపించాయి. ఆ మాటతో మొదటిసారి వాటి మీద అవ్వ కూర్చుని కనిపించింది. పట్టుచీర కట్టుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, రాళ్ళ బాట మీద. నా ముఖంలో నవ్వు పోయింది. కాస్త ఆగండి, చూసి చెప్తాను అన్నాను. అంగడాయన నవ్వాడు. మామ నెత్తి కొట్టుకున్నాడు.

తాత చేసే పనే నాకు తెలుసు గనుక, ఆయన భుజం మీది తువ్వాలు లాక్కుని టైరు చుట్టూ తిప్పాను. ఎక్కడా చిక్కుకోలేదు. అద్దంలా నున్నగా ఉంది. బాగుంది అనబోయి తాత ముఖం చూశాను. "ఇది తీగ గాదమ్మా, రబ్బరు. తాడు అరిగేది యాడ?" అని మాత్రం అడిగాడు. నేను ఆలోచించాను. పెద్ద చక్రం మీద తాడు వంగుతుంది. వంగే చోటే దానికి కష్టం అని ఆయనే ఒకసారి చెప్పాడు. మరి టైరు? బరువు పడ్డప్పుడు అదీ వంగుతుంది, తిరిగినంతసేపూ వంగుతూనే ఉంటుంది. దీన్ని వంచండి అన్నాను.

మామా అంగడాయనా కలిసి ఒక టైరును నేల మీద నిలబెట్టి, పైనుంచి బలంగా అదిమారు. అది మూలుగుతూ వంగింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని గాడుల్లోకి చూశాను. మామూలుగా ఉన్నప్పుడు ఏమీ కనిపించని చోట, సన్నటి బీటలు ఒక్కొక్కటే నోరు తెరిచాయి. వానలు లేని ఏడాది రాగి చేను ఎలా ఉంటుందో అలా. తెల్ల పట్టీ పక్కన అయితే గోరు దిగేంత. చేయి వదలగానే అన్నీ మళ్ళీ మూసుకుని టైరు నిగనిగలాడింది. ఇంకో టైరు వంచాం, అదీ అంతే.

అంగడాయన మంచివాడు. ఆయనకూ తెలియదు పాపం. "ఒక్క మైలు కూడా తిరగలేదు గదప్పా, ఇట్లెట్లయింది" అని తనే ఆశ్చర్యపోయాడు. తిరగకపోయినా ఏళ్ళు గడిచాయి గదా అన్నాడు తాత. మూల కూర్చున్నా ముసలితనం ఆగదు అన్నాడు. పైన పటారం, లోన లొటారం అని ఇంటికొచ్చాక అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మామకు మాత్రం తెల్ల పట్టీల మీద మనసు పోలేదు. పోయినన్నాళ్ళు పోతాయి, అక్కడ పదిమంది చూస్తారు గదా అని గొణిగాడు. ఆ తర్వాత టాక్సీ టైర్లు తెస్తానన్నాడు. అవి చక్రానికి పట్టేవే గాని, ఆ కారు బరువుకు అవి ఆగవని తాత ఒప్పుకోలేదు. చివరికి సరుకు వ్యాన్లకు వేసే టైర్లలో మా చక్రానికి సరిపోయే కొలత ఉందని బెంగుళూరులో తేలింది. పట్టీ లేదు, సోకు లేదు, కాకి నలుపు. కానీ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన తాజా సరుకు. ఎంత అదిమినా మెత్తగా వంగి, మళ్ళీ ఉబికి లేచేవి. మామ వాటిని మారికుప్పం పోయే రైల్లో వేసుకొచ్చి ఊరిగాంలో దిగాడు. స్టేషన్ నుంచి మా ఇంటిదాకా పిల్లలందరం తలా ఒకటి దొర్లించుకుంటూ వచ్చాం. తమిళ వాళ్ళ వీధిలో ఒక పాటి, మా అవ్వ ఈడు ముసలమ్మ, ఎదురొచ్చి, ఏదైనా తిరునాళ్ళా అని అడిగింది. మా అవ్వ పుట్టింటికి పోతోంది అని గట్టిగా చెప్పాను.

టైర్లు బిగించాక తాత అవ్వను ఎక్కించలేదు. బంగారం తీశాక కంపెనీ పారబోసిన సైనైడ్ దిబ్బల ఇసుక గోనెసంచుల్లో నింపించి, మా ఇంటిల్లిపాదికన్నా ఎక్కువ బరువు వెనక సీట్లో, వెనక పెట్టెలో వేయించాడు. ముందు సీట్లో నన్ను కూర్చోబెట్టి, నా పక్కన తను కూర్చున్నాడు. మామ బేతమంగళం దాకా నడిపాడు. అక్కడ దిగి తాత ఒక్కొక్క టైరు మీదా అరచెయ్యి పెట్టి చూశాడు, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. నన్నూ పెట్టమన్నాడు. గోరువెచ్చగా ఉంది, అంతే. ఇంటికొచ్చి, "అవ్వా, ఇంగ నువ్వు ఎక్కొచ్చు" అని నేనే చెప్పాను. రాణీగారికి దారి ఇచ్చినంత దర్జాగా చెప్పానని మా అమ్మ చాలాకాలం ఎగతాళి చేసేది.

షష్టిపూర్తి నాటి పొద్దున బయలుదేరాం. లైన్లన్నీ గడపల్లోకి వచ్చి నిలబడ్డాయి. అవ్వ మొదట సీటు అంచున కూర్చుంది, బేతమంగళం దాటేసరికి వెనక్కి వాలింది, ముళబాగిలు దాటేసరికి కాళ్ళు చాపుకుంది. రోడ్డు వదిలి పల్లె వైపు బండిబాట ఎక్కాం. పలుగు రాళ్ళ బాట అది. కారు ఏనుగులా ఊగుతూ, రాయి రాయినీ తొక్కుకుంటూ పోతోంది.

బాట మధ్యలో ఒక అద్దె కారు పక్కకు ఒరిగి ఉంది. ముందు టైరు పగిలి పేలికలైంది, అదనపు టైరులో గాలి లేదు. ఎండలో మెడలో దండతో నిలబడి ఉన్నది ఎవరో కాదు, మా అవ్వ అన్నగారే. భార్యతో కురుడుమలె గణపతికి మొక్కి వస్తున్నారు. పీటల మీద కూర్చునే వేళ దాటిపోతోంది, పల్లె ఇంకా చాలా దూరం ఉంది, ఆ భారీ మనిషికి నడక చేతకాదు. ఆయన మా కారును చూసి ఎవరో ఆఫీసర్లనుకుని చేతులు జోడించాడు. మామ కారు ఆపాడు. అద్దం దింపి అవ్వ బయటికి చూసింది.

ఆయన జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. అవ్వ ఏమంటుందోనని నేను ఆమె వైపు తిరిగాను. ఎన్నేళ్ళ మాటలు ఆమె దగ్గర ఉన్నాయో నాకు తెలుసు. ఆమె తలుపు తెరిచి, పక్కకు జరిగింది.

"రా అన్నా, కూచో. భయం లే. మా ఇంటాయన వంచి చూసిన టైర్లు ఇవి" అంది.

ఆయనా, భార్యా ఎక్కి కూర్చున్నారు.  కారు కదిలాక ఆయన ముందు సీట్లో ఉన్న మా తాత భుజం మీద చెయ్యి వేసి, "బావా, ఎండన పడి వచ్చినారు, మజ్జిగన్నా తాగల్ల ముందు" అన్నాడు. మా తాతను ఆయన బావా అని పిలవగా మా అమ్మ కూడా అంతకుముందు వినలేదట. మేళగాళ్ళు మా కారుకు ఎదురొచ్చారు. అన్నా చెల్లెలూ ఒకే తలుపులోంచి దిగారు. ఆ రోజు అవ్వకు ఆకు వేసింది మొదటి బంతిలో, మొదటి చోట. నేను ఆమె పక్కనే కూర్చుని మూడు హోళిగలు, అంటే బొబ్బట్లు, తిన్నాను, గెలిచినవాళ్ళకు ఆకలి ఎక్కువ.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. పిల్లల్ని ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్ళిన ప్రతిసారీ బస్సు చుట్టూ తిరిగి, టైర్ల పక్కన వంగి కూర్చునేదాన్ని. డ్రైవర్లు విసుక్కునేవారు. మా ఆయన నన్ను అనుమానాల పుట్ట అనేవారు. నిన్నగాక మొన్న మనవడు పాత బండి ఒకటి తెచ్చి, కొత్త టైర్లు అవ్వా, ఎక్కు అంటే, ఎప్పుడు తయారైనవో చూపించమన్నాను. వాడూ నవ్వాడు. నవ్వుకోనీ. నా చిన్నతనంలో, కింద ఏముందో వంగి చూడకుండా మా తాత ఎవర్నీ ఏదీ ఎక్కించలేదు. నేనూ ఎక్కించను.