హనుమమ్మ కుడికాలు

హనుమమ్మక్క ఇంటికి వచ్చినవాళ్లెవరూ పోయేటప్పుడు ఆమె ముఖం చూసేవాళ్లు కాదు. పోయొస్తానని చెప్పేవాళ్లూ కాదు. కేతేపల్లి పక్కన మా ఊళ్లో ఆమె ఇంటికీ మా ఇంటికీ ఒక్క గోడే అడ్డం. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. నా మిషను వీధి కిటికీ దగ్గరే ఉంటుంది కాబట్టి నా కళ్లబడకుండా మా వాడలో మేకపిల్ల కూడా దాటలేదు. ఆ ఇంట్లోంచి జనం మూగవాళ్లలా బయటికి రావడం చూసీ చూసీ నాకది మామూలైపోయింది. కొత్తవాళ్లు చూస్తే మాత్రం దడుచుకునేవాళ్లు.

సంగతేమిటంటే, హనుమమ్మక్క తల్లి కడుపులోంచి కాళ్లు ముందుపడి పుట్టింది. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుము విడుస్తుందని మా దిక్కు నమ్మకం. ఆమెకు నడక రాగానే ఎవరెవరి వీపుల మీదో నిలబెట్టారట. పెద్దయ్యాక ఆమె ఉత్తగా తొక్కడం మానేసింది. మనిషిని చాప మీద బోర్లా పడుకోబెట్టి, కుడి అరికాలును మెడ దగ్గర్నుంచి నడుము దాకా మెల్లగా జరుపుకుంటూ వచ్చేది. ఎక్కడో ఒకచోట ఆ కాలు ఆగేది. అక్కడ మడమతో ఒక్క నొక్కు నొక్కేది. టక్‌మని చప్పుడు. మిషను తొక్కుతున్నా గోడ ఇవతల నాకు వినపడేది. తుంటిలో మొదలై మడమ దాకా కరెంటులా గుంజే నొప్పి, మెడలోంచి వేళ్లలోకి దిగే తిమ్మిరి, రెండూ ఆ చప్పుడుతో విడిచేవని వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. అందరికీ విడిచేవా? నేనేమన్నా వాళ్ల ఇళ్లకు పోయి చూసొచ్చానా! వచ్చేవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు.

లేచిన మనిషి మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. వీధిలో ఎవరైనా చెంబుతో నీళ్లిస్తే సగం తాగి సగం నేలమీద పారబోయాలి. అప్పటిదాకా ఆ నొప్పి మనిషి వెనకాలే నడిచి వస్తుందట. తిరిగి చూశాడో, మళ్లీ ఎక్కి కూర్చుంటుందట. మొదటి ఇల్లు మాదే కాబట్టి చెంబు కూడా మాదే. నాకు నమ్మకం ఉందా అని అడిగితే చెప్పలేను కానీ, నీళ్లిస్తూ ఆ మనిషి వెనక ఉన్న ఖాళీ జాగా వైపు ఏనాడూ చూడలేదు.

ఒకసారి అడిగాను. "గట్ల ముంగట ముంగట్నే పోతరు, ఒక్కలు మొఖం జూడరు. నీకు మనసుల ఏం అనిపియ్యదా అక్కా?"

"నాకు మొఖాలతోటి ఏం పని చెల్లె? ఈపులు యాదుంటయి," అంది.

నిజంగానే ఉండేవి. సంతలో ఎంత దూరాన ఎవరు నడుస్తున్నా వెనక నుంచి చూసి పేరు చెప్పేది.

ఆమె భర్త గుర్వయ్య గొర్లకాపరి. ఎండాకాలం మందను తోలుకుని సాగర్ కాలువ కింది పొలాలకు పోయి, వానలు పడ్డాక వచ్చేవాడు. సర్కారు గొర్రెలు పంచిన మరుసటేడు అతనికే తుంటి నుంచి మడమ దాకా కాలు పట్టింది. నల్లగొండ దవాఖానలో గోళీలిచ్చారు, బెల్టు ఇచ్చారు. కట్టె పట్టుకుంటే తప్ప గడప దాటలేని స్థితి వచ్చింది. ఊరంతటికీ వైద్యం ఇంట్లోనే ఉన్నా, భార్య కాలు భర్త వీపు మీద పెట్టడమా? పాపమని ఆమె ఒప్పుకోలేదు, పరువుపోతుందని అతనూ అడగలేదు. మంద తోటి కాపరి పెద్దులుతో వెళ్లిపోయింది. అతను దొడ్డి దగ్గర కూర్చుని, మిగిలిన నాలుగు ముసలి గొర్రెలను చూసుకునేవాడు.

చివరికి ఆమే బతిమాలింది. ఒక బేస్తవారం పొద్దున, ఎండ అప్పుడే వీధిలోకి దిగుతుంటే, గోడ అవతల వాళ్ల మాటలు వినపడ్డాయి.

"నాకు గూడ గదే పద్ధతా? నీకు చెప్పకుంట, నీ దిక్కు జూడకుంట పోవాల్నా?" అన్నాడు గుర్వయ్య.

"నువ్వైతేంది, ఇంకోడైతేంది? నీళ్లు తాగి మర్లి రా," అంది.

"ఊరోళ్లల్ల నేనొకణ్ణి అయితి," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను చెంబు నింపుకుని గడపలో నిలబడ్డాను. టక్‌మన్న చప్పుడు వచ్చింది. గుర్వయ్య బయటికి వచ్చాడు. చేతిలో కట్టె లేదు. పెళ్లినాటి మనిషిలా నిటారుగా నడుస్తున్నాడు. నేను చెంబు చాపాను. అతను తీసుకోలేదు. నా చెయ్యి రాసుకుంటూ ముందుకెళ్లిపోయాడు. నీళ్లు నా కాళ్ల మీదే ఒలికాయి.

"బావా, నీళ్లు!" అన్నాను. వినపడనట్టే పోయాడు.

హనుమమ్మక్క గడపలోనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పిలువక్కా!" అని అరిచాను.

తల అడ్డంగా ఊపింది. "పిలిస్తే తిరుగుతడు. తిరిగితే మళ్ల కాలు పోతది."

మలుపు దగ్గర, దొడ్డి పక్కన అతను ఆగాడు. నెమరేస్తున్న గొర్రెలు నెమరు ఆపి అతని వైపే తలలు తిప్పాయి. ఒక్కటి కూడా అరవలేదు. రోజూ అతని వెంట పడే కుక్క లేచి నిలబడింది, మళ్లీ పడుకుంది. అతను మా వైపు వీపు పెట్టి అలాగే కాసేపు నిలబడ్డాడు. దేనికోసం నిలబడ్డాడో మాకు తెలియలేదు. తరువాత మలుపు తిరిగి రోడ్డు మీదికి పోయాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

బావులు వెతికారు, చుట్టాల ఊళ్లు వెతికారు. పోలీసులు ఫొటో తీసుకున్నారు. ఆ ముఖాన్ని చూసిన మనిషి ఒక్కడూ దొరకలేదు. కానీ కొన్నాళ్లకు అతని వీపును చూసినవాళ్లు రావడం మొదలైంది. నందికొండలో సాగర్ డ్యాం దిగువన, చేపల వలలు ఆరేసిన చోట నడుస్తూ కనిపించాడని ఒకరు. పేరు పెట్టి పిలిచినా తిరగలేదని ఇంకొకరు. పెద్దులైతే కాలువ గట్టు మీద మిట్టమధ్యాహ్నం చూశాడట.

"ఎంత ఉరికినా గంతే దూరం చెల్లె. మంద ఆడికాడికే ఆగింది. గంత ఎండల నాకు చలిపెట్టింది," అన్నాడు.

"ముంగటికి పోయి మొఖం జూస్తే అయిపాయె గదా!" అన్నాను ఒళ్లుమండి.

"ఏమో, సూడబుద్ధి గాలే," అని నేల చూశాడు.

హనుమమ్మక్క మాత్రం అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "ఎడమ భుజం జర దిగి ఉండెనా?"

"ఉండె."

"కుంటుతుండెనా?"

"లే. మంచిగ నడుస్తాండు."

ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. మొగుడు తప్పిపోయిన ఆడది అతని కాలు బాగుందని సంబరపడుతుందా? కానీ ఆమె లెక్క ఆమెది. అతను వెనక్కి తిరగనంత కాలం నొప్పి అతణ్ణి పట్టుకోదు, ఏదో ఒకరోజు ఎవరో నీళ్లిస్తారు, తాగి ఇంటికి వస్తాడు. ఎవరు ఎటు పోతున్నా, నీళ్లడిగినా అడగకపోయినా ఇవ్వండని బతిమాలి పంపేది. రోజూ అతనికి కూడా బియ్యం పోసేది.

ఆమె పని మాత్రం ఆ ఏడే పోయింది. జనానికి భయం పట్టుకుంది. చాప మీంచి లేచినవాడు గడప దాటకముందే గిరుక్కున వెనక్కి తిరిగి చూసేవాడు, తాను ఇంకా ఇక్కడే ఉన్నానని తేల్చుకోవడానికన్నట్టు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి జనం ఆమె ముఖం చూసి వెళ్లడం మొదలుపెట్టారు. నొప్పి తగ్గలేదని కూడా ఆ ముఖం మీదే చెప్పేవాళ్లు. కరోనా వచ్చి పోయేసరికి ఆ గడప తొక్కేవాళ్లే లేరు.

అప్పుడు ఆమె కుడికాలికి నొప్పి వచ్చింది. తుంటి దగ్గర మొదలై పిక్క మీదుగా మడమలోకి, అచ్చం గుర్వయ్యకు వచ్చిన దారిలోనే. నీళ్లు పారబోయని నొప్పి తిరిగి ఇంటికే వచ్చిందని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఆమె కాదనలేదు. "నాకు వచ్చిందంటే ఆయనకు లేనట్టే," అనేది.

కూతురు ఉమారాణిది మహబూబ్‌నగర్‌లో కాపురం. ఆ పిల్ల ఈ మాటలన్నీ పక్కకు నెట్టి తల్లిని తీసుకుపోయింది. అక్కడ వెన్నుపూసలను చేతులతో సరిచేసే డాక్టరమ్మ ఉంది, పేరు గ్రేస్. ఎక్స్‌రే తీయించి, మోకాలి మీద సుత్తితో తట్టి చూసి, పూసల మధ్య నరం నలుగుతోందని, కొన్ని వారాలు రావాలని, ఇంటి దగ్గర వ్యాయామాలు చెయ్యాలని చెప్పిందట. మొదటిరోజు బల్ల మీద బోర్లా పడుకుని హనుమమ్మక్క వెక్కి వెక్కి ఏడ్చిందట.

"నొప్పయితాందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "లేదు బిడ్డా. నా ఈపు మీద ఒకళ్లు చెయ్యి పెట్టుడు గిదే మొదలు," అందట. ఉమారాణి నాకు ఫోనులో చెప్పింది.

చివరి విడతకు నేనే వెళ్లాను, ఆమెను ఇంటికి తెచ్చుకుందామని. కర్టెను అవతల టక్‌మంది. ఆమె కట్టె లేకుండా బయటికి వచ్చింది. నడిచి చూపించింది, మెట్లు దిగి చూపించింది. ఇద్దరం బజారులోకి వచ్చాం. పట్టపగలు, కూరగాయల బండ్లు, ఆటోలు, కాలు పెట్టే సందు లేదు. ఉన్నట్టుండి ఆమె నా చెయ్యి వదిలేసింది.

ముందు ఒక మనిషి పోతున్నాడు. భుజం మీద గొంగడి. ఎడమ భుజం కొంచెం కిందికి. అంత రద్దీలో ఎవరికీ తగలకుండా, ఎవరి కోసమూ ఆగకుండా నడుస్తున్నాడు. పెద్దులు చెప్పింది నిజమే, ఆ ముఖం నాకూ చూడబుద్ధి కాలేదు.

హనుమమ్మక్క పరుగెత్తింది. నెల కిందట మంచం దిగలేని మనిషి ఆటోల మధ్య నుంచి పరుగెత్తి, అతణ్ణి దాటి, ముందుకుపోయి ఎదురు తిరిగి నిలబడింది. నేను రొప్పుతూ వెనకాల చేరేసరికి అతను ఆగి ఉన్నాడు. నాకు వీపే కనిపిస్తోంది. ఆమె ముఖం కనిపిస్తోంది. ఆమె చూసింది గుర్వయ్యనే. ఆమె ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది.

"ఇంటికి పోదాం దా," అంది. "నీళ్లు తాగుదువు."

"ఆనాడు దొడ్డి కాడ నిలబడ్డ," అన్నాడు గుర్వయ్య. అదే గొంతు, కోపం లేదు. "పిలుస్తవని సూసిన. ఒక్కపారి పిలిస్తే కాలు పోతే పాయె, తిరుగుదుననుకున్న. పిలువకపోతివి."

"నీ కాలు కోసమే గదా!" అంది ఆమె.

"మంచిగున్నది కాలు. గిప్పుడు పిలువకు," అన్నాడు. ఆమె పక్కనుంచి అడుగు తీసి ముందుకు సాగాడు.

మా వాళ్లలో భార్యలు భర్త పేరు పలకరు. పోలీసు ముందు కూడా ఆ పేరు నాతోనే చెప్పించింది. అలాంటి మనిషి నడిబజారులో, గొంతు పగిలేలా, "గుర్వయ్యా!" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. బండ్ల వాళ్లు తిరిగి చూశారు. ఆటోల వాళ్లు తిరిగి చూశారు. బజారంతా వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. అతనొక్కడే తిరగలేదు.