బొత్తం మీద లక్క

మొన్న అటక దులుపుతుంటే మా అబ్బాయికి పాత కెమెరా ఫ్లాష్ దొరికింది. పనిచేస్తుందేమో చూద్దామని సెల్లులు వేశాడు. కుయ్‌మని సన్నగా కూత మొదలుపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కూత వినగానే నా చెవులు వేడెక్కాయి. సిగ్గుతోనే. "ఎనక బొత్తం మీద ఈ ఎర్ర లక్క ఏంది నాయనా? గీకేస్తామా?" అన్నాడు. "ముట్టుకున్నావంటే చేయి విరగ్గొడతా" అన్నాను. ఆ లక్క పోసింది దస్తగిరి సాబు. ఆయన్ని ఎరగని మీకు ఆయన గురించి చెప్పాలంటే, ముందు నేను చేసిన పాడు పని చెప్పుకోవాలి.

కదిరి బస్టాండు వెనక సాబుది చిన్న స్టూడియో. డెబ్బైల చివర్లో, వరసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయి, పెళ్లాం బిడ్డలతో ఊరు విడిచి వచ్చిన నన్ను పనిలో పెట్టుకున్నాడు. "ఎప్పుడన్నా కెమెరా పట్టినావా?" అని అడిగాడు. "మడక పట్టి దున్నినా సాబూ" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే చేయి వణకదులే, రా."

పెళ్లిళ్లలో ఆయన నాకు నేర్పిన మొదటి విద్య ఫోటో తీయకపోవడం. ఫిలిం రోలుకు పన్నెండు బొమ్మలే. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఆ పన్నెండులోనే సర్దాలి. వచ్చిన చుట్టాలేమో "ఏమప్పా, మాది పట్టవా?" అని మీద పడేవాళ్లు. ఫ్లాష్ వెనక చిన్న బొత్తం ఉండేది. అది నొక్కితే వెలుగొస్తుంది, ఫిలిం ఖర్చు కాదు. "ఎవుర్నీ లేదనొద్దు. వెలుగిచ్చి పంపు. వాళ్లకూ సంతోషం, మనకూ ఫిలిం మిగులుతాది" అనేవాడు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఫోటోవాళ్లందరూ చేసే పనే. నేను మరీ ఆరితేరాను. ఉత్త వెలుగిస్తూ "కొంచెం నవ్వు మామా" అని కూడా అనేవాణ్ణి. ఎంత నంగనాచినో చూడండి!

ఒక ఎండాకాలం సాబుకు జ్వరమొచ్చి, పక్కపల్లెలో నాగరత్న పెళ్లికి నన్నొక్కణ్ణే పంపాడు. తల్లీతండ్రీ లేని పిల్ల, అవ్వ పెంచింది. మొగుడు పోయిన మనిషినని అవ్వ పందిట్లోకి అడుగు పెట్టలేదు. తాళి పడ్డాక నాగరత్నే వంటపాక దగ్గరికి వెళ్లి, అవ్వ పక్కన నిలబడి నన్ను పిలిచింది. "అన్నా, మాయవ్వదీ నాదీ ఒకటి పట్టు." "నాకెందుకే ఫోటో" అంటూనే అవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. రోలులో మిగిలింది ఒక్క బొమ్మ. అప్పగింతలు ఇంకా కాలేదు. నేను బొత్తం నొక్కాను.

"అయ్యిందా నాయనా?" అంది అవ్వ, కళ్లు నులుముకుంటూ.

"అయ్యిందవ్వా. బాగా వచ్చింది."

రెండు నెలలకు నాగరత్న స్టూడియోకు వచ్చింది. "మాయవ్వ పోయిందన్నా. ఆ ఫోటో ఆల్బంలో లేదు. మీ దగ్గరే యాడన్నా ఉండాదేమో సూడు. ఆమెది ఇంగొకటి లేదు." ఫిలిం చెడిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. సాబు నా మొహం చూసి అంతా కనిపెట్టాడు. లేచి ఆ అమ్మాయి ముందుకొచ్చాడు.

"అది తీయనే లేదు తల్లీ. ఉత్త వెలుగిచ్చినాము. ఆ పని వీనికి నేర్పింది నేనే. తిట్టేదుంటే నన్ను తిట్టు."

తిట్టింది. "ముసలిదాన్ని మోసం జేసేకి మీకు చేతులెట్ల వచ్చినాయి?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎదురుగా టీ అంగడి జనమంతా చూస్తున్నా సాబు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె ఏడుపు తగ్గాక నావైపు తిరిగాడు. "కెమెరాలోంచి సూసినావు గదా. సూసింది చెప్పు. అదన్నా ఇయ్యి ఆ బిడ్డకు."

చెప్పాను. అవ్వ చేతిమీద తేలు పచ్చబొట్టు ఉండింది. నీ భుజం మీద చేయి వేయబోయి, పెళ్లికూతురివని భయపడి వెనక్కి తీసుకుంది. నువ్వే ఆ చేయి లాగి భుజం మీద పెట్టుకున్నావు. ఇటు చూడవ్వా అని రెండుసార్లు అన్నా, నీ మొహమే చూస్తూ ఉండింది.

"నన్నే సూస్తా ఉండెనా?" అంది నాగరత్న. "ఇంగొకసారి చెప్పన్నా" అంది. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. మా తప్పు క్షమించిందో లేదో తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఆమె పోగానే సాబు లక్క కరిగించి ఆ బొత్తం మీద పోశాడు. ఆ తర్వాతి పెళ్లికి నా చేతిలో రెండు రోళ్లు పెట్టాడు. "ఇది పెండ్లికి. ఇది ముసలోళ్లకు" అన్నాడు. ఆయన ఉన్నంతకాలం, ఎంత కరువు సంవత్సరమైనా, ఆ రెండో రోలు తప్పలేదు.

ఇప్పుడు రోళ్లూ లేవు, పన్నెండు లెక్కా లేదు. అయినా పెళ్లికి పోతే ముందు పందిరి బయట కూర్చున్న ముసలివాళ్ల దగ్గరికే పోతాను. "అయ్యిందా నాయనా?" అని అడుగుతారు. కెమెరా తిప్పి, వాళ్ల మొహం వాళ్లకు చూపించేదాకా అయ్యిందని అనను.