తడి రెక్కలకు పొగ

ఒమన్ దేశంలోని ఇబ్రాలో నేను పనిచేసిన ఇంటి పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. దాని ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే పురుగుల్ని ఆ ఇంటి పెద్దపిల్ల ఏరి తెచ్చి, దోమతెర గుడ్డతో చేసిన పెట్టెలో పెంచేది. పెట్టె కుట్టిపెట్టింది నేనే. మా ఊళ్లో కరివేపాకు మొక్క మీద అలాంటివి కనిపిస్తే చెప్పుతో నలిపేసేవాళ్లం. ఇక్కడ వాటికి రోజూ లేతాకు కోసిపెట్టడం, పెట్టె అడుగున మిరియాల్లా రాలిన పెంట దులపడం నా డ్యూటీలో చేరిపోయాయి.

నన్ను ఆ ఇంటికి రప్పించింది మాత్రం ఆ పిల్ల తమ్ముడి కోసం. గోదావరి పక్క మా ఊళ్లో పసిబిడ్డలకు నీళ్లు పోయాలంటే నన్నే పిలిచేవారు. కాళ్లు చాపి బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, ఒళ్లు పట్టి, నీళ్లు పోసి, తడి తుడిచి సాంబ్రాణి పొగ పట్టేదాన్ని. చదువు లేదన్న సిగ్గు ఎక్కడికెళ్లినా నా వెంటే వచ్చేది గానీ, ఈ ఒక్క పనిలో తలెత్తుకుని ఉండేదాన్ని. ఇంటి యజమానురాల్ని అక్కడ పనిచేసే మేమంతా మామా అంటాం. చుట్టాలొస్తే మామా వాళ్లను పిలిచి మరీ నేను నీళ్లు పోయడం చూపించేది. పెద్దపిల్ల పక్కనే చతికిలబడి చూసేది. ఆ మధ్యే నేను ఫోన్‌లో చూసి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. నా వంకర గీతలు చూసి కూడా ఆ పిల్ల నవ్వలేదు. నాకు తెలియనిది లేదని తన నమ్మకం.

పురుగులు పచ్చగా లావెక్కి, పుల్లలకు అతుక్కుని గూళ్లయ్యాయి. ఒక శుక్రవారం పొద్దున పిల్ల కేక పెట్టింది.

"ఖాలా! రా, రా!" ఖాలా అంటే పిన్ని.

గూడు చీలి సీతాకోకచిలుక బయటికొచ్చింది. ఒళ్లంతా తడి. పిండి పడేసిన పేలికల్లా చిన్న చిన్న రెక్కలు. పుల్లను పట్టుకుని వేలాడుతూ వణుకుతోంది.

"చలేస్తోందా దానికి?" అంది పిల్ల. మా ఇద్దరి మాటా సగం అరబ్బీ, సగం హిందీ.

"ఇప్పుడే పుట్టింది కదా తల్లీ. తడారాలి."

"తమ్ముడిలాగా?"

"అచ్చం తమ్ముడిలాగే."

ఆ మాట అన్నాక ఇక ఆలోచించలేదు. ఆ ఇంట్లో రోజూ సాయంత్రం మట్టి ధూపపాత్రలో నిప్పులు వేసి, మన సాంబ్రాణిలాంటి లుబాన్ పొగను గదులన్నీ తిప్పేదాన్ని. అదే పాత్ర రాజేసి తెచ్చి పెట్టె కింద పెట్టాను. తెరలోంచి పొగ మెల్లగా పైకి లేచింది. బిడ్డ తలకు పట్టినట్టే అరచేత్తో పొగను దాని మీదికి తోశాను. పిల్ల కూడా తన చిన్న చేత్తో తోసింది. ఇద్దరం ఎంతో ముద్దుగా చేశాం.

వణుకు ఆగింది. తడి ఆరింది. రెక్కలు మాత్రం విచ్చుకోలేదు. ముడతలు ముడతల్లాగే బిగిసిపోయాయి. అది పట్టు జారి అడుగున పడింది, లేవబోయి పక్కకు ఒరిగిపోయింది.

మామా వచ్చి చూసింది. "ఆ తడి ఉన్నప్పుడే కదా రెక్కలు చాపుకునేది. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. కింద నిప్పు పెడతారా ఎవరైనా?" అంది. గట్టిగా కూడా అనలేదు. తిట్టి ఉంటే ఏడవడానికైనా వీలుండేది. పిల్ల నావైపు చూసింది. అందులో కోపం లేదు. నాకు తెలియనిది ఒకటుందని అప్పుడే కనిపెట్టిన చూపు అది. వంటింట్లోకి పోయి నిప్పుల మీద నీళ్లు కుమ్మరించాను. తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ నిలబడ్డాను.

పక్కింట్లో పనిచేసే కడప ఆమెకు గోడ దగ్గర సంగతి చెబితే పడీపడీ నవ్వింది.

"ఏందక్కా, పురుగుకు గూడా పురుడు పోసినావా? దిష్టిచుక్క పెట్టలేదా మరి?"

"నవ్వకే. అది ఎగరలేదు ఇక."

"చక్కెర నీళ్లలో దూది ముంచి పెట్టు, తాగుతాదేమో. పాప ఏమనింది?"

"ఏమీ అనలేదు."

"అట్లయితే కష్టమేలే," అంది నవ్వు ఆపి.

సీతాకోకచిలుక చక్కెర నీళ్లు తాగింది. కొన్నాళ్లు గచ్చు మీద పాకి, చచ్చిపోయింది. మిగిలిన గూళ్లున్న పెట్టెను పిల్ల తన మంచం పక్కకు మార్చుకుంది. గూళ్లకు ఆకు అక్కర్లేదు కాబట్టి అటు వెళ్లడానికి నాకు వంక కూడా లేదు. సాయంత్రం నేను ధూపం తిప్పుతుంటే గది గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి నిలబడేది. "ఇక్కడొద్దు ఖాలా," అనేది, మెల్లగా. అంత చిన్నపిల్ల నా మనసు నొచ్చుకోకుండా మాట్లాడటానికి జాగ్రత్తపడుతుంటే నేల చీలితే బాగుండుననిపించేది.

ఆ వారమే తమ్ముడికి నీళ్లు పోశాక పొగ పట్టబోతే చెయ్యి ఆడలేదు. ఎందరు బిడ్డలు ఆ పొగకు దగ్గి, కళ్లు నులుముకుని ఏడ్చారో! ఏడిస్తే ఊపిరి బలపడుతుందని వాళ్ల తల్లులకు నేనే చెప్పేదాన్ని. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. చూసి నేర్చుకున్నాను, అడిగితే జవాబు కల్పించుకున్నాను. వాడిని పొడి తువ్వాలులో చుట్టి, పొగ లేకుండానే ఎత్తుకున్నాను.

తర్వాత ఒక పొద్దున పిల్లే వచ్చి నా కొంగు లాగింది. రెండో గూడు చీలుతోంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నా రెండు చేతులూ నా తొడల కిందికి నెట్టింది.

"ఇలాగే ఉండు. సరేనా?"

"సరే తల్లీ."

అదీ తడిగానే వచ్చింది, అలాగే వణికింది. నా వేళ్లు తొడల కింద మెదిలాయి. రెక్కలు కొంచెం కొంచెంగా సాగుతూ, నలుపూ పసుపూ మచ్చలతో కిందికి దిగాయి. నేను మెచ్చుకోలుగా ఏదో అన్నాను. పిల్ల తలూపింది గానీ, అటు రెక్కల్ని ఒకసారి, ఇటు నా చేతుల్ని ఒకసారి చూస్తూనే ఉంది.