పాకంతో నాకు కణం చెప్పిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ సోమవారం పొద్దున చనిపోయింది. గుండెనొప్పి. మా కంఠేశ్వర్‌లో ఆమె దగ్గర సైన్సు చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా రాస్తారు. నేను రెండో తరగతి దాటలేదు. అయినా ఈ సంగతి నాకే తెలుసు కాబట్టి నేనే చెప్పాలి.

నా భార్యకు నాలుగేళ్ల కింద రెండు కళ్లూ పోయాయి. కంటి వెనక నరం ఎండిపోయిందన్నారు డాక్టర్లు. తర్వాత ఒకాయన వచ్చి, పిండం నుంచి తీసిన కణాలు కంట్లోకి సూదితో ఎక్కిస్తే చూపు వస్తుందన్నాడు. ఆ కణం ఏదైనా అవుతుందట. సరేనన్నాను. ఎవరినీ అడగడం నాకు అలవాటు లేదు.

టీచరమ్మ గోడ అవతల నుంచి విన్నది.

"అన్నా, బోధన్ దిక్కు బెల్లం వండినోడివి. పాకం అచ్చుల ఎప్పుడు పోస్తవ్?"

"గడ్డకట్టకముందు. అందాక కలుపుతనే ఉండాలె."

"గా కణం గూడ గంతే. దాని లోపలనే కొన్ని ప్రోటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంట కలుపుతుంటయి. అవి పనిచేసినంత సేపు ఎముక అయ్యే హుకుం, తోలు అయ్యే హుకుం మూసే ఉంటయి. చెరిగిపోవు. అవి ఆగితే కణం ఏదో ఒకటి అయితది."

"గడ్డకట్టిన బెల్లాన్ని నేను మళ్ల కరిగిస్త," అన్నాను. తగ్గడం నాకు ఇష్టం లేదు.

ఆమె నవ్వింది. "సైంటిస్టులు కణంతోని గది గూడ చేసిన్రు, నీకన్నా ఆలస్యంగ. కాని అచ్చు లేకుంట పాకం నేల మీద పోస్తవా? గా కణం కంట్ల పడి నరమే అయితదని ఎవడు చెప్పాలె? కంతి లెక్క పెరుగొచ్చు. నీ సూదాయనను అచ్చు ఏదో అడుగు."

అడిగాను. "నీకు అర్థం కాదు పెద్దమనిషీ," అన్నాడు. టీచరమ్మ చెబితే అర్థమైంది కదా అని పంపేశాను.

నా భార్యకు నెల రోజులు నా మీద కోపం పోలేదు. "కండ్లు నావి. మాట్లాడుకున్నది మీరిద్దరు," అన్నది ఒకనాడు. ఆ మాట నేను టీచరమ్మకు చెప్పాను.

టీచరమ్మ వచ్చింది. "గది నా తప్పే వదినా," అని ఒప్పుకొని, నాకు చెప్పినదంతా ఆమెకు మొదటి నుంచి చెప్పింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేది. చూపు మాత్రం రాలేదు.

సోమవారం నా భార్య తనను టీచరమ్మ ఇంటికి తీసుకుపొమ్మంది. టీచరమ్మ మా గల్లీకి వచ్చింది మూడేళ్ల కింద, ఆ ముఖం ఈమె ఎన్నడూ చూడలేదు. టీచరమ్మను పడుకోబెట్టిన చాప పక్కన కూర్చొని నుదురు, చెంపలు తడిమింది. ముక్కుకు రెండు వైపులా కళ్లద్దాలు నొక్కిన గుంతలు తగిలాయి. వేళ్లు అక్కడ ఆగాయి.

"అద్దాలు ఎవలు తీసిన్రు?"

టీచరమ్మ కూతురు తెచ్చి ఇచ్చింది. నా భార్య వాటిని కొంగుతో తుడిచి, వేళ్లతో తడుముకుంటూ ఆ గుంతల్లోనే పెట్టింది.