అమావాస్య నాడు ఆడిన మగ్గం

డెబ్బైల చివర్లో ధర్మవరంలో మా మేనమామ ఇంటికే కోడలిగా వచ్చాను. మామ పట్టుచీరలు నేసేవాడు. దయ్యాల కథలు చదివితే దయ్యాలు ఇంట్లోకే వస్తాయని ఆయనకు గట్టి నమ్మకం. నాకేమో ఆ కథలంటే ప్రాణం.

అమావాస్య నాడు మాలో ఎవరూ మగ్గం ముట్టరు. అలాంటి ఒక రాత్రి, అద్దెకు తెచ్చిన పుస్తకం, టార్చిలైటు పట్టుకుని మగ్గం గుంటలోకి దిగాను. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే ఆ గుంటలో ముడుచుకుని కూర్చుంటే వెలుతురు బయటికి రాదు. కథలో పాడుబడ్డ బంగళా తలుపు దానంతటదే తెరుచుకోగానే ఉలిక్కిపడ్డాను. నా కాలు తొక్కుడు పలకకు తగిలింది. పైన మగ్గం టకటకా కదిలింది.

మగ్గం పక్కనే పడుకున్న మామ లేచి చూశాడు. మనిషి లేడు, మగ్గం ఆడుతోంది!

"దయ్యమప్పా! దయ్యం నేస్తాండాది!" అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తాడు.

ఇరుగుపొరుగు వాళ్లు చీపుర్లు పట్టుకుని వచ్చేసరికి నేను గుంటలోంచి లేచి నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మామ పుస్తకం లాక్కున్నాడు. "ఆడదానికి దయ్యాల కథలేంటికి? పొయ్యిలో పెడతా!"

ఆ మాటతో నా సిగ్గు ఎగిరిపోయింది. "పెట్టు మామా. కథ చదివిన దాన్ని నేను ఈడనే ఉండా. చదవని నువ్వు వీధిలోకి ఉరికినావు. ఇంతకీ భయం ఎవరికుండాది?"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. మామ పుస్తకం నా చేతిలో పెట్టాడు. మిగిలిన నాలుగు పేజీలూ ఆ రాత్రే, నడింట్లో లైటు వేసుకుని చదివాను.

ఆ తర్వాత నేను మగ్గం గుంటలోకి దిగింది నేయడానికే, దాక్కోవడానికి కాదు.