పెట్టాననుకున్న బాటిల్

కరోనా వెనక్కి తగ్గి, జనం మూతులకు గుడ్డలు కట్టుకోవడం మానేసిన ఏడాది అది. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన నాకు సీటు కవర్లు కుట్టే షాపు ఉంది. ఆటో సీట్లు, బైకు సీట్లు, ట్రాక్టర్ల మీద ఎండకు వేసే టాపులు మా పని. రెక్సిన్, ఫోము, వెల్క్రో, వెబ్బింగ్, వీటితోనే మా బతుకు. వెబ్బింగ్ అంటే స్కూలు బ్యాగులకు భుజాల మీద వచ్చే నైలాన్ పట్టీ. ఇన్నేళ్లలో వేల సీట్లు కుట్టి ఉంటాను, ఒక్కటీ గుర్తుండదు. గుర్తుండిపోయింది మాత్రం ఒక సైకిలుకు కుట్టిన నీళ్ల బాటిల్ సంచి.

ఆ సైకిలు నాగేశ్వర శెట్టిది. బట్టల బజారులో ఆయనకు వాళ్ల నాయన కాలం నాటి దుకాణం ఉంది. నాకంటే ఐదారేళ్లు పెద్ద, అందుకని శెట్టన్నా అంటాను. కరోనా తర్వాత షుగరు వస్తుందేమోనన్న భయంతో సైకిలు మొదలుపెట్టాడు. మొదట మామూలు సైకిలు, తర్వాత బెంగళూరు నుంచి టూరింగ్ సైకిలు తెప్పించాడు. దూర ప్రయాణాలకు చేసిన సైకిలు అది. వెనక సామాను కట్టుకునే స్టాండు, మధ్య గొట్టాలకు బాటిల్ పెట్టుకునే తీగ గూళ్లు ఉంటాయి. ఆ గూళ్లను బాటిల్ కేజ్ అంటారు.

ఒక సాయంత్రం ఆ సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"మస్తానూ, ఈ కేజిల్లో బాటిల్ నిలబడ్డంల్యా. సైకిలు షాపాయప్ప రెండుసార్లు మార్చినాడు. మార్చినా పడిపోతాండాది. హ్యాండిల్‌కు ఒక సంచి కుట్టియ్యి, దాంట్లో పెట్టుకుంటా."

"నీళ్లకు అంత కష్టమెందుకన్నా? ఆపి ఏదన్నా అంగట్లో తాగొచ్చు కదా?"

"గండికోటకు పోతాండాం, నేనూ ఇంకా ముగ్గురు. రాత్రికి ఆడ పండుకోని, మల్లరోజు ముద్దనూరు మింద పులివెందులకు. ఆ గుట్టల్లో అంగడి యాడుంటాదప్పా? ఈ ఎండల్లో బాటిల్ పాయిందంటే మనిషి పాయినట్లే."

మాట సరైనదే. గట్టి కాన్వాసు గుడ్డకు లోపల పలుచటి ఫోము పెట్టి, బాటిల్ కొలతకు సరిగ్గా గుండ్రటి సంచి కుట్టాను. హ్యాండిల్‌కు కుడివైపు రెండు పట్టీలతో బిగించాను. బాటిల్ పెట్టి సైకిలు తలకిందులు చేసి ఊపినా జారలేదు. శెట్టన్న సంతోషంగా తీసుకుపోయాడు.

ఆ వారంలోనే మళ్లీ వచ్చాడు. "ఏందప్పా నువ్వు కుట్టింది? పెన్న బ్రిడ్జి దాటినాక చూస్తే బాటిల్ లేదు."

నాకు అర్థం కాలేదు. సంచి చిరగలేదు, పట్టీలు వదులు కాలేదు. సరే, మూతి వదులైందేమోనని ఎలాస్టిక్ వేశాను. కొత్త బాటిలూ పోయింది. ఎలాస్టిక్ మీద, నొక్కితే అతుక్కునే వెల్క్రో మూత వేశాను. ఆ బాటిల్ కూడా పోయింది. ఈసారి నిండు బాటిల్ పెట్టి నేనే ఆ సైకిలు ఎక్కి, ఏటి పక్క రాళ్ల దారిలో నడుము విరిగేలా తొక్కాను. బాటిల్ చెక్కు చెదరలేదు.

"మూత ఏస్తాండావా అన్నా?"

"ఏస్తాండా."

"బాటిల్ అడుగుదాకా దింపుతాండావా?"

"నేను పసిపిల్లోన్నా మస్తానూ? నా చేత్తో పెట్టినా. పెట్టింది నాకు తెలీదా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నా సంచిలో తప్పు లేదని నాకు తెలుసు. రెండూ నిజమైతే బాటిల్ ఎట్లా పోతోంది? పని మీద కూర్చున్నా అదే ఆలోచన. ఆటో సీటు కుడుతూ పైపింగ్ అడ్డదిడ్డంగా వేసి, విప్పి మళ్లీ కుట్టాను. పైపింగ్ అంటే సీటు అంచు వెంట లోపల తాడు పెట్టి తిప్పే గుండ్రటి కుట్టు. కళ్లు మూసుకుని వేయగలిగిన పని అది.

చివరికి, "రేపు పొద్దున నీ వెంట నేనూ వస్తా, నువ్వు తొక్కు, నేను చూస్తా" అన్నాను.

మర్నాడు జమ్మలమడుగు రోడ్డులో ఆయన సైకిలు మీద, నేను బైకు మీద కొంచెం వెనకగా పోయాం. ఊరు దాటాక ఆయన బాటిల్ తీసి, తొక్కుతూనే రెండు గుక్కలు తాగాడు. చూపు రోడ్డు మీదనే ఉంచి కుడిచేతిని కిందికి దించాడు. బాటిల్ సంచి మూతి పక్కకు వచ్చింది, లోపలికి పోలేదు. ఆయన వేళ్లు వదిలేశాయి. బాటిల్ రోడ్డు అంచున మెత్తటి మట్టిలో పడింది. ఆయన వెల్క్రో మూతను నొక్కి, చేయి హ్యాండిల్ మీద పెట్టి, ఏమీ జరగనట్టు తొక్కుకుంటూ పోయాడు.

నేను హారన్ కొట్టి ఆపాను. "అన్నా, బాటిల్ పడిపాయ!"

"యాడ?" అని సంచి వైపు చూశాడు. మూత వేసి ఉంది, లోపల ఏమీ లేదు. వెనక్కి పోయి నేను తెచ్చిన బాటిల్‌ను చేతిలోకి తీసుకుని, దాన్నీ సంచినీ మార్చి మార్చి చూశాడు. "పెట్టినా కదప్పా. లోపలికి పొయ్యింది నాకు తెల్సినట్లే ఉన్నిందే."

"సంచి బయట ఇడిసిపెట్టినావన్నా. నేను కండ్లారా చూసినా."

ఆయన మొహంలో కోపం లేదు, సిగ్గు లేదు. దారి తప్పిన మనిషి మొహంలా ఉంది. వ్యాపారం చిరాకుల్లో ధ్యాస ఉండటం లేదేమో అనుకున్నాను. ఇద్దరం షాపుకు వచ్చేశాం.

ధ్యాస లేని మనిషికి పనికొచ్చేలా బాటిల్ మెడకు ఒక నైలాన్ పట్టీ వేసి, దాన్ని సంచికి కుట్టేద్దామనుకున్నాను. అప్పుడు చేయి జారినా బాటిల్ వేలాడుతుంది, రోడ్డు మీద పడదు. వెబ్బింగ్ కత్తిరిస్తే పోగులు ఊడి వస్తాయి. అందుకని కోసిన అంచును లైటరుతో కరిగించి, వేడి మీదే పట్టకారుతో అదమాలి. నేను అంచు కాల్చి, బల్ల మీద పెట్టి, పట్టకారు కోసం అటు తిరిగాను. శెట్టన్న ఎదురుగా స్టూలు మీద కూర్చుని గండికోటలో వాళ్లు దిగబోయే చోటు గురించి చెబుతున్నాడు. నేను తిరిగి చూసేసరికి, మాట ఆపకుండానే, ఆ పట్టీని అందుకుని కరిగిన అంచును బొటనవేలితో చూపుడువేలితో అదిమి పట్టుకుని ఉన్నాడు. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు.

కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఎగిరి గంతేస్తాం. ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"అన్నా, ఇడ్చు! చెయ్యి కాల్తాంది!"

"ఏంది?" అన్నాడు. నేనే పట్టీ లాగేశాను. దానితో పాటు కొంచెం తోలు వచ్చింది. వేలి కొన తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన ఆ వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ఎవరిదో వేలిని చూసినట్టు చూశాడు.

"నొప్పి ల్యా?"

"ల్యా."

ఆ వేలిని ఇంకో చేత్తో నొక్కి చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఈ నడుమ బట్ట కూడా చేతికి తెలీడంల్యా మస్తానూ. అసలు కాటనేదో, మిక్సింగేదో పట్టుకుంటే చెప్పేటోన్ని. ఇప్పుడు బిల్లు చూసి చెప్తాండా. హ్యాండిల్ పట్టుకోని పట్టుకోని తిమ్మిరెక్కింటాది అనుకున్యా. సైకిలోళ్లకు మామూలే అంట."

"నాకేం తెలీదన్నా. ఒకసారి డాక్టరుకు చూపీ."

"తిమ్మిరికి డాక్టరెందుకు?" అని విసుక్కుని, సైకిలును నా షాపులోనే వదిలి వెళ్లిపోయాడు.

నేను కలవరపడ్డాను. నాది సీట్లు కుట్టే పని. ఇంకొకరి ఒంట్లో ఏముందో నాకేం తెలుసు? ఆయన చెప్పినట్టు తిమ్మిరే కావచ్చు. మళ్లీ ఆ తెల్లటి వేలు కళ్ల ముందుకు వస్తుంది. ఇంటికి పోయి ఆయన భార్యకు చెబుదామా అంటే, అది నా హద్దు దాటడమవుతుందేమో. చెప్పకుండా ఉంటే ఇంకేదో అవుతుందేమో. ఎటూ తేల్చుకోలేకపోయాను.

ఆమే వచ్చింది. సుజాతమ్మ షాపు ముందు ఆటో దిగి నేరుగా అడిగింది. "ఏమప్పా మస్తానూ, మా ఆయనతో ఏమన్నావు? ఇంట్లో గుండుసూది పట్టుకోని వేళ్లు పొడుచుకుంటాండాడు. అడిగితే మాట్లాడ్డంల్యా."

దాచడానికి నాకు మనసు రాలేదు. రోడ్డు మీద చూసిందీ, షాపులో జరిగిందీ చెప్పాను. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "పోయిన నెల దోసె పెనం అంచు పట్టుకుండె. కాల్లేదా అంటే చూసుకోల్యా అన్న్యాడు. నేనూ గమ్మునైపోతి" అని, లేచి, "కడపకు పిల్చకపోతా. వచ్చేది రానీ" అంది.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. సైకిలు నా షాపు మూల నిలబడే ఉంది. దుకాణానికి కూడా ఆయన సరిగా రావడం లేదని బజారులో అన్నారు. నేను అడగలేదు. అడగడం మంచిదో కాదో తెలియక అడగలేదు.

ఎండ మండుతున్న ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఎప్పుడూ తిన్నగా లోపలికి వచ్చే మనిషి, మెట్టు దిగువనే నిలబడ్డాడు. "ఈడే ఉంటాలే" అన్నాడు.

"ఏమైందన్నా?"

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "పెద్దరోగమంట."

మా వైపు కుష్ఠు పేరు ఎత్తరు, అట్లా అంటారు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంటే ఎండ దెబ్బ అనుకున్నాడట. డాక్టరు దూది పెట్టి రాస్తే అక్కడ ఏమీ తెలియలేదట. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉందట. మాత్రలు సర్కారే ఉత్తగా ఇస్తుందనీ, ఏడాది పాటు మింగాలనీ, మింగడం మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకోదనీ డాక్టరు చెప్పాడట. పోయిన స్పర్శ వస్తుందా అని అడిగితే, కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట.

"ఇంత చదువుకున్న డాక్టరు అంటుకోదని చెప్పినా, నేనే నమ్మలేకుండాను. ఇంగ నువ్వెట్ల నమ్ముతావు? అందుకే ఈడ నిలబడినా."

నాకు భయం వేయలేదని చెప్పలేను. చిన్నప్పుడు విన్న మాటలు ఒకవైపు, ఎండలో చెమటలు కారుతూ నిలబడ్డ మనిషి ఒకవైపు. ఏదీ తేలకముందే నా చేయి స్టూలును ఫ్యాను కిందికి జరిపింది. "ఎండ శానా ఉండాది, లోపలికి రాన్నా" అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, వచ్చి కూర్చున్నాడు.

వెళ్లబోతూ సైకిలు వైపు చూశాడు. "డాక్టరు ఒక మాట చెప్పినాడప్పా. చేతికి తెలీనిది కంటితో చూసుకోవాలంట. పొద్దునా సాయంత్రం చేతులు చూసుకో, యాడన్నా కాలిందేమో, కోసుకుందేమో అన్న్యాడు. ఆ సంచి కూడా అట్లే కుట్టియ్యి. చెయ్యికి పనిలేకుండా కంటికి కనపడాల."

పాత సంచిని విప్పేశాను. కుడిపక్క నుంచి తీసి, హ్యాండిల్ నడిమధ్య, మనిషి చూపు పడే చోట పెట్టాను. మూతి వెడల్పు చేసి, ముడుచుకోకుండా లోపల ఇనుప తీగ వేశాను. అంచు చుట్టూ ముదురు పసుపు రెక్సిన్‌తో పైపింగ్ తిప్పాను. బాటిల్ ఎర్రది తెమ్మన్నాను. ఎర్ర రంగు పసుపు గీత కిందికి దిగితే బాటిల్ లోపల ఉన్నట్టు, గీత పైన కనబడితే సరిగా పోనట్టు. మెడకు పట్టీ కూడా వేసి సంచికి కుట్టాను. హ్యాండిల్‌కు మందంగా ఫోము చుట్టాను. అన్నీ చూసి సుజాతమ్మ ఒక షరతు పెట్టింది, తాగాలంటే సైకిలు ఆపి, కాలు కింద పెట్టి తాగాలని. అంతవరకూ నాకూ ఆ మాట తోచలేదు.

టూరుకు ముందు ఆయన స్నేహితులకు విషయం చెప్పేశాడు. చెప్పొద్దని నేను అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు. ముగ్గురిలో ఒకతను ఇంట్లో పని ఉందని తప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ ఆయనతో కలిసి బయలుదేరారు. రెండో రోజు సాయంత్రం పులివెందుల నుంచి ఫోను వచ్చింది.

"చేరుకుంటిమప్పా. గుట్టల్లో నాలుక పిడచకట్టుకపాయ. ఆగి ఆగి తాగితిమి."

"చెయ్యి ఎట్లుంది?"

"చూసుకున్యా. బాగుంది" అని ఆగి, "చూస్తే బాగుంది. దానికేం తెల్సో నాకు తెలీదు" అన్నాడు. నవ్వాడో నిట్టూర్చాడో ఫోనులో తేలలేదు.

మాత్రలు పూర్తయి కాలం గడిచింది. బొటనవేలికి కొంత స్పర్శ వచ్చిందంటాడు, మిగతా వేళ్లకు రాలేదు. దుకాణంలో బట్ట పట్టి చూడటం ఇప్పుడు సుజాతమ్మ చేస్తోంది. పక్కన కూర్చుని ఎట్లా పట్టుకోవాలో ఆయన చెబుతుంటాడు.

ఇక నా పని సంగతి. కుట్టింది సరిగా లేదని ఎవరైనా తిరిగి వస్తే, ఇదివరకు ఆ వస్తువునే తిప్పి తిప్పి చూసేవాణ్ని. ఇప్పుడు దాన్ని ఎట్లా వాడతారో ముందు నా ఎదుట వాడి చూపించమంటాను. ఆటో డ్రైవరైతే సీట్లో కూర్చోమంటాను, దిగమంటాను, మళ్లీ ఎక్కమంటాను. చాలాసార్లు తప్పు కుట్టులోనే ఉంటుంది, విప్పి మళ్లీ కుడతాను. ఎప్పుడో ఒకసారి ఉండదు. అప్పుడు ఎదుటి మనిషిని ఏమని అడగాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. అయినా కత్తెర పక్కన పెట్టి, "ఒళ్లు బాగుండాదా అన్నా?" అని అడుగుతాను.