ముడి ఎరగని చెయ్యి

ధర్మవరంలో వెంకటలక్ష్మమ్మ నోటికి జడవని మగ్గం యజమాని లేడు. అయినా మగ్గం మీద వార్పు, అంటే చీర నిలువు దారాలు, అయిపోవచ్చిందంటే అందరూ ముందు ఆమె గడప దగ్గరికే వస్తారు. నాలుగు తిట్లు తిన్నా ఫర్వాలేదు, ఆ పని ఆమె చేతి మీదే జరగాలి.

మగ్గం మీద చీరల వార్పు అయిపోయినప్పుడు పాత దారాల కొసలు కాసిన్ని, దువ్వెన లాంటి పన్నె సన్నటి పళ్ళ మధ్యే వదిలేస్తారు. కొత్త వార్పు దారాలను ఒక్కొక్కటిగా ఆ కొసలకు అతకాలి. ఒకటీ రెండూ కాదు, ఐదు వేల దాకా ఉంటాయి. వేళ్ళకు ఇంత విబూది రాసుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలి తిప్పితే అతుక్కుపోవాలి. ముడి మాత్రం వేయకూడదు. వేస్తే పన్నె సందులో ఇరుక్కుని దారం పుటుక్కున తెగుతుంది. వెంకటలక్ష్మమ్మ పదిహేనేళ్ళప్పుడు ఈ పనికి కూర్చుంది, ఇప్పుడు అరవై దాటింది. ఆమె అతికిన వార్పు లాగుతుంటే ఒక్క దారమైనా ఊడిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

దాంతో ఆమెకు ముడి అంటేనే చులకన. పక్కింటి వాళ్ళు బియ్యం సంచి మూతికి ముడి వేసినా ఏదో ఒకటి అనకుండా ఉండలేదు. "నా బతుకులో ముడి అంటే మా ఆయన ఏసిన మూడే. ఆడికి సాలు" అంటుంది.

కోడలు సుజాతది గుంతకల్లు. వాళ్ళమ్మ స్టేషను ముందు పూలు కట్టి అమ్ముతుంది. సుజాత కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయినా అత్త ఆమెను వార్పు దగ్గర కూర్చోనివ్వలేదు. పూలు కట్టిన చేతులకు ముడి తప్ప ఏమొస్తుందని ఆమె వాదన. సుజాత నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే అత్తకు ఇంకా ఒళ్ళు మండేది. పిల్ల బంగారమని లోపల తెలుసు, ఆ మాట పైకి అనడానికే ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు.

మనవరాలు గంగాదేవి రెండో తరగతి. బడికి వెండి పట్టీలు వేసుకుని రావద్దన్నారట, పోతే ఎవరు వెతుకుతారని. ఆడపిల్లలంతా కాలికి నల్లతాడు కట్టుకుని వస్తున్నారని, తనకూ కావాలని అవ్వ కొంగు పట్టుకుని తిరిగింది. అంగట్లో దొరికే తాడు వెంకటలక్ష్మమ్మకు ఆనుతుందా? మగ్గం కింద రాలిన పట్టు కొసలు ఏరింది. నల్లవాటిలో రెండు ఎర్ర పోగులు కలిపి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండో కొస తొడ మీద పేనుతూ సన్నగా గుండ్రంగా తాడు చేసింది. దాన్ని పిల్ల కాలికి చుట్టి, కొసలు విడదీసి, విబూది రాసి, పోగుకు పోగు మెలిపెట్టి అతికింది. అతుకు ఎక్కడుందో వెతికినా కనపడలేదు. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి వంగి చూసి మెచ్చుకుని పోయారు.

మర్నాడు బడిలో అది ఊడిపోయింది. గంగ తాడు చేత పట్టుకుని ఇల్లు చేరింది. గంతులు వేసి ఉంటుందిలే అని అవ్వ మళ్ళీ అతికింది. రెండోసారి వీధి కొళాయి దగ్గర నీళ్ళు పడుతుంటే ఊడింది. మూడోసారి పిల్ల గంతూ వేయలేదు, గడపా దాటలేదు. బుద్ధిగా కూర్చుని అన్నం తింటుంటే తాడు దానంతటదే పాదం మీదికి జారింది.

వెంకటలక్ష్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి పొద్దున లేవగానే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇక అనుమానం లేదు, చెయ్యి పోయిందనుకుంది.

ఆ వారమే శశికుమార్ వచ్చాడు. అతనిది ఎనిమిది మగ్గాల షెడ్డు. వార్పు అతకాలి, రేపు రావాలక్కా అన్నాడు. ఆమె రానంది. అంతే, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దానికి శశికుమార్ నిజంగా భయపడ్డాడు. ఆమె కొడుకు దేవేంద్ర ఇంట్లోనే మగ్గం నేస్తాడు. అతన్ని పక్కకు పిలిచి, అక్కను ఆసుపత్రిలో చూపించమని చెప్పి పోయాడు.

పదిహేను రోజులు గడిచాయి. వెంకటలక్ష్మమ్మ గోడకు ఆనుకుని వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. కొడుకు ఏమైందని అడిగితే ఏమీ కాలేదంది. నలుగురి ఎదుట వార్పు లాగేటప్పుడు తను అతికిన దారం ఊడితే, ముసలిదానికి చాతకావడం లేదని ఒకరు అంటారు. ఆ మాట వినడం కంటే ఇలా మూల కూర్చోవడమే మేలనుకుంది. నలభై ఐదేళ్ళు తిట్లతో మోగిన ఇల్లు ఒక్కసారిగా చప్పబడిపోయింది. పాపం, తిట్టు లేక సుజాతకు అన్నం సయించలేదు.

సుజాత ఆ తాడు తీసి తన కాలికే చుట్టుకుని, అత్త చేసినట్టే కొసలు మెలిపెట్టి చూసింది. నాలుగడుగులు నడిచింది, కూర్చుంది, లేచింది. అతుకు వదులు కావడం కళ్ళారా కనిపించింది. తర్వాత మగ్గం దగ్గరికి పోయి మొగుణ్ణి ఒక మాట అడిగి, వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది.

"అత్తా, నీకు జొరం పోయినాక అతికిన వార్పు మీదనే నీ కొడుకు నేస్తాండేది. లాగేటప్పుడు ఒక్క పోగన్నా ఊడలేదంట. నీ చేతికి ఏమీ కాలేదు."

అత్త మరి ఇదేమిటన్నట్టు తాడు వైపు చూసింది.

"వార్పు ఎప్పుడూ బిగుతుగా ఉంటాది. పిల్ల కాలు యాడ బిగుతుగా ఉంటాది? ఒక తూరి లాగుతాది, ఒక తూరి వదులైతాది, నీళ్ళల్లో తడుస్తాది. ఈడ మెలి నిలబడదు. ముడి ఏయాల."

వెంకటలక్ష్మమ్మ ఒలిచిన విత్తనాలను చేటలో అటు తోసింది, ఇటు తోసింది. కోడలితో ఒప్పుకోవడానికి ఆమెకు చాలా కష్టమైన మాట అది.

"పట్టులో ముడి ఏసేది నాకు రాదు మే" అంది.

సుజాత ఈసారి నవ్వలేదు. గంగను పిలిచి పిల్ల కాలు అత్త ఒళ్ళో పెట్టింది. పట్టు జారుడు గనక ఒక్క ముడి చాలదని, కొసలు తడిచేసి రెండోది వేసి బిగించాలని చూపించింది. పెద్దామె వేళ్ళకు కొసలు అందాయో లేదో, అవి వాటి పాటికి మెలి తిప్పేశాయి. మళ్ళీ చూపించింది, మళ్ళీ మెలే పడింది. గంగ కిలకిలా నవ్వింది. చివరికి సుజాత ఆ చేతుల మీద తన చేతులు వేసి, దారాన్ని దాటించి, కిందనుంచి తీసి, బిగించింది. తొమ్మిదేళ్ళలో అత్త చెయ్యి పట్టుకోవడం ఆమెకు అదే మొదలు. రెండో ముడి వెంకటలక్ష్మమ్మ ఒక్కతే వేసింది. గంగ వీధంతా పరిగెత్తి వచ్చింది, కాళ్ళు కడుక్కుంది, అరుగు మీది నుంచి దూకింది. తాడు కదల్లేదు.

తెల్లారి వెంకటలక్ష్మమ్మ, తన కోసమే వార్పు ఆపి ఉంచిన శశికుమార్ షెడ్డుకు బయలుదేరింది. వాకిట్లో ఆగి, వెనక్కి తిరగకుండానే కోడలిని కూడా రమ్మంది. షెడ్డులో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎట్లా పట్టాలో, ఎంత తిప్పాలో చూపించి, చివర రెండు వందల దారాలు ఆమెకు వదిలింది. మధ్యమధ్య తిట్టింది కూడా. షెడ్డంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి అతకడం అయిపోయింది. ఇద్దరు మనుషులు వార్పును పన్నెలోనుంచి మెల్లగా లాగారు. నేతగాళ్ళంతా చుట్టూ మూగారు. దారాలన్నీ నున్నగా నడిచి వచ్చాయి. చివర, సుజాత అతికిన వైపున, నాలుగు మాత్రం ఊడి వేలాడాయి.

శశికుమార్ వంగి చూశాడు. "ఇవి ఎవరు అతికినారక్కా?" అన్నాడు.

వెంకటలక్ష్మమ్మ కోడలి వైపు చూడనైనా చూడలేదు.

"నేనే అప్పా" అంది, అందరికీ వినపడేటట్టు.